73 ఆంపియర్ల దగ్గర మొండికేసిన మాగ్నెట్

90 ఆంపియర్లు మోయాల్సిన సూపర్‌కండక్టింగ్ కాయిల్ అది. మొదటిసారి 73 దగ్గర క్వెంచ్ అయింది, అంటే సూపర్‌కండక్టర్ గుణం ఉన్నట్టుండి పోయింది. హీలియం మట్టం చూసుకుని, పావుగంట ఆగి మళ్లీ కరెంట్ ఎక్కించాం. మళ్లీ 73. మూడోసారి 72.8. మొదటి క్వెంచ్ తక్కువలో వస్తే ఎవరూ కంగారు పడరు. మూడూ ఒకేచోట వస్తే మాత్రం టెన్షన్ మొదలవుతుంది.

ఇది గత వేసవిలో హైదరాబాద్‌లో జరిగిన పని. కాయిల్ చుట్టింది చర్లపల్లి వైపు ఉన్న ఒక చిన్న వర్క్‌షాప్. టెస్ట్ చేసింది మేము. తెప్పించుకున్నవాళ్లకు కావలసింది యాక్సిలరేటర్‌లో బీమ్‌ను కుదించే సోలెనాయిడ్‌కు ఒక చిన్న నమూనా. ఢిల్లీలోని ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్) లినాక్‌లో, అంటే కణాలను తిన్నని దారిలో పరుగెత్తించే యాక్సిలరేటర్‌లో, క్రయోమాడ్యూల్ అనే ఒక్కో అతిశీతల పెట్టెలో ఎనిమిది రెజొనేటర్లతో పాటు ఇలాంటి సూపర్‌కండక్టింగ్ సోలెనాయిడ్ ఒకటి ఉంటుంది. రెజొనేటర్లు కణాలకు వేగం ఇస్తే, సోలెనాయిడ్ వాటిని పక్కలకు చెదిరిపోకుండా దగ్గరకు లాగుతుంది. మాది అంత పెద్దది కాదు. 60 మిల్లీమీటర్ల బోరు (నడిమి రంధ్రం), 120 మిల్లీమీటర్ల పొడవు, 20 పొరలు, మొత్తం 5,300 చుట్లు. తీగ నియోబియం టైటానియం, రాగి పూతతో కలిపి 0.4 మిల్లీమీటర్లు. 90 ఆంపియర్ల దగ్గర నడిమధ్యలో అయస్కాంత క్షేత్రం 4.3 టెస్లా దాకా రావాలి. తీగ నమూనా లెక్క ప్రకారం 120 ఆంపియర్ల దాకా అది సూపర్‌కండక్టర్‌గానే ఉండాలి. అంటే 73 దగ్గర ఆగిపోవడం తీగ తప్పు అయ్యే అవకాశం తక్కువ. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను కానీ ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

ఈ రంగంలో లేనివాళ్ల కోసం రెండు మాటలు. నియోబియం టైటానియం 9 కెల్విన్ పైచిలుకు నుంచి కిందికి వస్తేనే రెసిస్టెన్స్ లేకుండా కరెంట్ మోస్తుంది. అయస్కాంత క్షేత్రం పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. అందుకే కాయిల్‌ను 4.2 కెల్విన్ (మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర మరిగే ద్రవ హీలియంలో ముంచుతాం. తీగలో ఏ ఒక్క మిల్లీమీటరు వేడెక్కినా అక్కడ రెసిస్టెన్స్ పుడుతుంది, రెసిస్టెన్స్ వేడిని పెంచుతుంది, ఆ వేడి పక్క తీగకు అంటుకుంటుంది. ఇదే క్వెంచ్. కాయిల్‌లో దాచిన శక్తి అంతా క్షణాల్లో వేడిగా బయటపడుతుంది. మా కాయిల్‌కు ఇండక్టెన్స్ సుమారు 1 హెన్రీ. 73 ఆంపియర్ల దగ్గర అది రెండున్నర కిలోజౌళ్ల పైమాట. అదంతా హీలియంలోకే పోతే ఒక లీటరు ఆవిరైనట్టే. ఒక లీటరు ద్రవం 700 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది. మన దేశానికి హీలియం దిగుమతి సరుకే. అది వెంట్ గొట్టంలో ఈల వేసుకుంటూ పోతుంటే అకౌంట్స్ ఆయన ముఖం కళ్ల ముందు కదులుతుంది.

కొత్త మాగ్నెట్ మొదట్లో క్వెంచ్ కావడం మామూలే. కరెంట్ ఎక్కేకొద్దీ చుట్ల మీద అయస్కాంత బలం పెరుగుతుంది, ఎక్కడో ఒక తీగ వెంట్రుకవాసి కదులుతుంది, ఆ రాపిడి వేడి చాలు. ఒకసారి కదిలి కుదురుకున్న తీగ రెండోసారి అక్కడ కదలదు. అందుకే రెండో క్వెంచ్ ఇంకాస్త పైన వస్తుంది, మూడోది ఇంకా పైన. దీన్నే ట్రైనింగ్ అంటాం. సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌కు 15 మీటర్ల పొడవైన 1,232 డైపోల్ మాగ్నెట్లు కావాల్సి వచ్చాయి. సొరంగంలోకి దింపేముందు ప్రతిదాన్నీ ఎస్ఎం18 అనే టెస్ట్ హాలులో 1.9 కెల్విన్‌కు చల్లార్చి ఇలాగే పరీక్షించారు. ఆ పనిలో మన అణుశక్తి శాఖ ఇంజనీర్లు బ్యాచ్‌లుగా వెళ్లి షిఫ్టులు చేశారు. వాళ్లలో ఒకాయన రిటైరై ఇప్పుడు ఈసీఐఎల్ దగ్గర ఉంటున్నారు. నాకు ఈ పనిలో గురువు. ఆయన ప్రసక్తి మళ్లీ వస్తుంది.

చల్లార్చడం వరకు అంతా సాఫీగానే

కాయిల్ రాగానే గది ఉష్ణోగ్రత దగ్గర రెసిస్టెన్స్ కొలిచాం, 270 ఓమ్‌ల చుట్టూ వచ్చింది. ఇన్సులేషన్‌కు మెగ్గర్ పెట్టాం, బాగుంది. ముందు ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు దింపి, నైట్రోజన్ చుక్క మిగలకుండా హీలియం గ్యాస్‌తో నెట్టేశాం. ఇక్కడ తొందరపడితే మిగిలిన నైట్రోజన్ 63 కెల్విన్ దగ్గర గడ్డకట్టి, దాన్ని చల్లార్చడానికే సగం హీలియం పోతుంది. ఒకసారి ఆ దెబ్బ తిన్నాను కాబట్టి ఈసారి గొట్టం చివర గంటసేపు చెయ్యి పెట్టుకుని కూర్చున్నంత పనిచేశాను. బయట 42 డిగ్రీల ఎండ, లోపల 4.2 కెల్విన్. మధ్యాహ్నం మూడింటికి హీలియం మట్టం కాయిల్ పై అంచు దాటింది.

వోల్టేజ్ ట్యాపులు, అంటే వోల్టేజ్ కొలవడానికి కాయిల్ నుంచి బయటికి తీసిన తీగలు, మూడే ఉన్నాయి. కాయిల్ మొదట ఒకటి, చివర ఒకటి, పదో పొర తర్వాత మధ్యలో ఒకటి. మధ్య ట్యాప్ ఉంటే లోపలి పది పొరలను, బయటి పది పొరలను బ్రిడ్జిలో పెట్టి పోల్చవచ్చు. కరెంట్ ఎక్కించేటప్పుడు వచ్చే ఇండక్టివ్ వోల్టేజ్ అక్కడ రద్దయిపోతుంది, ఏదో ఒక సగంలో రెసిస్టెన్స్ పుట్టిన క్షణం బ్రిడ్జి బ్యాలెన్స్ తప్పుతుంది. 100 మిల్లీవోల్టులు దాటి 10 మిల్లీసెకన్లు నిలిస్తే పవర్ సప్లయ్ తెగిపోయి కరెంట్ బయటి రెసిస్టర్‌లోకి మళ్లుతుంది. మాగ్నెట్‌ను కాపాడటానికి ఇది చాలు. తప్పు ఎక్కడుందో వెతకడానికి చాలదు. డ్రాయింగ్ మీద సంతకం పెట్టింది నేనే. ట్యాపుకొక తీగ, తీగను బయటికి దాటించడానికి ఒక ఫీడ్‌త్రూ, ఖర్చు తగ్గించమన్నారు, సరే అన్నాను.

తప్పుదారిలో రెండు రోజులు

మూడు క్వెంచ్‌లూ ఒకేచోట వచ్చాక నా మొదటి అనుమానం మైనం మీదకు పోయింది. ఈ కాయిల్‌ను ఎపాక్సీతో కాకుండా పారాఫిన్ మైనంతో నింపారు. ఎక్కడో మైనం అందక ఖాళీ మిగిలి, తీగ ప్రతిసారీ అక్కడే కొట్టుకుంటోందని అనుకున్నాను. వర్క్‌షాప్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. వైండింగ్ చేసిన పెద్దాయన అరవై దాటినవాడు, చిన్నప్పటి నుంచి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిన చెయ్యి. మర్నాడు పొద్దున్నే బండి మీద వచ్చేశాడు.

"సార్, తీగ యాడ గూడ నలగలే. ఒక్క మడత పడనియ్యలే. మైనం నా కండ్ల ముంగట్నే వోసినం" అన్నాడు. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ.

రెండో అనుమానం కరెంట్ ఎక్కించే వేగం మీద. వేగంగా ఎక్కిస్తే తీగలో మారే క్షేత్రం వల్ల కొంత వేడి పుడుతుంది. నెమ్మదిగా పోతే ఆ వేడి తగ్గి మాగ్నెట్ ఇంకాస్త పైకి వెళ్లాలి. అప్పటిదాకా సెకనుకు 0.1 ఆంపియర్ చొప్పున ఎక్కించాం. ఈసారి 60 దాటాక 0.02కు తగ్గించాను. 71.6 దగ్గర క్వెంచ్.

తగ్గింది. నేను దీన్ని కొలతలో తేడా అనుకుని పక్కన పెట్టేశాను. ఈ కేసులో నేను చేసిన అసలు పొరపాటు ఇదే. కరెంట్ కొలిచే షంట్‌ను అనుమానించి సాయంత్రమంతా దాన్ని సరిచూశాను, అది శుభ్రంగా ఉంది. ఆ రాత్రి గాలివానకు కరెంట్ పోయింది. యూపీఎస్ మీద, ఆవిరైన హీలియాన్ని తిరిగి పట్టే రికవరీ లైన్ వాల్వులు మాత్రం చూసుకుని ఇంటికి పోయాను.

"ఏ సగం?"

మూడో రోజు పొద్దున గురువుగారికి ఫోన్ చేసి అంకెలన్నీ చదివాను. ఆయన మొత్తం విని ఒక్క ప్రశ్న అడిగారు. "ఏ సగంలో మొదలైంది?"

రికార్డు తెరిచి చూశాను. నాలుగుసార్లూ బయటి సగమే. అక్కడికక్కడే సిగ్గేసింది. సోలెనాయిడ్‌లో క్షేత్రం అన్నిటికంటే ఎక్కువ పడేది లోపలి పొర మీద. తీగ తన హద్దుకు చేరి లొంగిపోతే అది లోపలి సగంలో జరగాలి. బయటి పొరల మీద క్షేత్రం తక్కువ, అక్కడ తీగకు బోలెడు తీరిక ఉంది. తీరిక ఉన్నచోట క్వెంచ్ మొదలవుతోందంటే బయటి నుంచి ఎవరో వేడి పెడుతున్నట్టే.

"నెమ్మదిగా పోతే తగ్గిందన్నావు కదా, ఇప్పుడు వేగంగా పోయి చూడు" అన్నారాయన.

సెకనుకు అర ఆంపియర్. 80 దాకా వెళ్లింది. ఇది విన్నవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. తొందరపెడితే ఎక్కువ మోస్తోంది, నిదానంగా నడిపిస్తే ముందే కూలబడుతోంది. ఒక్కటే వివరణ కుదురుతుంది. లోపల ఎక్కడో నిలకడైన వేడి పుడుతోంది, ఆ వేడి పేరుకోవడానికి కొంత సమయం పడుతోంది. వేగంగా పోతే అది పేరుకునేలోపే మనం పైకి వెళ్లిపోతున్నాం.

ఆ సమయం ఎంతో తేల్చడానికి వేగంగా 74కు వెళ్లి కరెంట్‌ను అక్కడే ఆపాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ఇరవై నాలుగో సెకనులో వెంట్ గొట్టం బుస్సుమంది. తర్వాత 70కి వెళ్లి ఆపితే పదిహేను నిమిషాలైనా కదల్లేదు. అంటే 71 దగ్గర సన్నని గీత ఉంది. కింద ఉంటే పుట్టే వేడిని హీలియం తీసుకుపోగలుగుతోంది, పైన ఉంటే లేదు.

వేడి పుట్టాలంటే రెసిస్టెన్స్ ఉండాలి. ఉన్న ట్యాపులకే నానోవోల్ట్‌మీటర్ తగిలించాం. కరెంట్‌ను ఒకచోట నిలిపి, ఇండక్టివ్ వోల్టేజ్ పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగి బయటి సగం మీద వోల్టేజ్ చదివాం. ఒక్కో దశలో కరెంట్ దిశ మార్చి రెండోసారి చదివాం. గది నుంచి 4 కెల్విన్‌కు దిగే తీగల్లో ఉష్ణోగ్రత తేడా వల్లే కొన్ని మైక్రోవోల్టులు పుడతాయి, దిశ మార్చి తీసేస్తే తప్ప అసలు అంకె దొరకదు. మాకు 12 మైక్రోవోల్టుల దొంగ వోల్టేజ్ కనిపించింది. అది పోగా 20 ఆంపియర్ల దగ్గర 60 మైక్రోవోల్టులు, 40 దగ్గర 120, 60 దగ్గర 180. గ్రాఫ్ పేపర్ మీద స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖ. లోపలి సగం మీద ఏమీ లేదు.

ఆ గీత సూటిగా ఉండటమే సాక్ష్యం. తీగలో పోగులు తెగి ఉంటే వోల్టేజ్ మొదట్లో సున్నాగా ఉండి, హద్దు దగ్గరపడేకొద్దీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. సూటి గీత అంటే మామూలు లోహపు రెసిస్టెన్స్. 3 మైక్రో ఓమ్‌లు. 71 ఆంపియర్ల దగ్గర 15 మిల్లీవాట్ల వేడి. ఫోన్ ఛార్జర్ మీద మిణుకుమనే బుల్లి లైటుకు పట్టే పవర్ దాదాపు అంతే. 4.2 కెల్విన్ దగ్గర, స్టీల్ అంచులో బిగించిన గాడిలో, ఎపాక్సీ కప్పేసిన చోట అది కొలిమి.

కాయిల్‌లో అలాంటి చోటు ఒక్కటే ఉంది, అతుకు. తీగ ఒకే ముక్కగా రాలేదు. పద్నాలుగో పొర అయ్యాక మొదటి చుట్ట అయిపోయి, రెండో చుట్ట తీగను దానికి సోల్డర్‌తో కలిపి పదిహేనో పొర మొదలుపెట్టారు. అది బయటి సగంలో ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర 270 ఓమ్‌లు కొలిచినప్పుడు ఈ 3 మైక్రో ఓమ్‌లు ఎవరికి కనిపిస్తాయి? గడ్డివాములో సూది అన్నా కనీసం సూది గుచ్చుకుంటుంది.

గాడిలో ఏముంది

కాయిల్‌ను వేడెక్కించి బయటికి తీశాక పెద్దాయనే గాడిలోని ఎపాక్సీని చెక్కాడు. నేను స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టాను. అతుకు పొడవు 25 మిల్లీమీటర్లు. పై నుంచి చూస్తే సోల్డర్ నున్నగా మెరుస్తోంది, ఎవరైనా పాస్ చేస్తారు. తిప్పి చూస్తే రెండు తీగలూ ఒకదానికొకటి ఆనుకున్న చోట తేనెరంగు ఇన్సులేషన్ పూత గీతలా అలాగే ఉంది. బ్లేడుతో ఎక్కడ గీకడానికి వీలైందో అక్కడే పూత పోయింది, అడుగు వైపు చెయ్యి అందలేదు. సోల్డర్ ఆ పూత చుట్టూ పొదిగినట్టు గడ్డకట్టింది. లోహం లోహాన్ని తాకింది ఎక్కడో రెండు చుక్కల్లో.

"సోల్డర్ వెడితె పూత అదే కాలిపోతది గద సార్. మోటర్ తీగకు గట్లనే చేస్తం" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

ఆయన చెప్పింది నిజమే, వేరే తీగ విషయంలో. పాలీయురేథేన్ పూత సోల్డర్ వేడికి పోతుంది, చిన్న వైండింగుల్లో వాడే తీగ చాలావరకు అదే. మేం ఇచ్చిన తీగ మీద ఉన్నది ఫార్మ్‌వార్. అది సోల్డర్ వేడికి కరగదు, గీకి తీయాల్సిందే. ఆ సంగతి ఆయనకు చెప్పాల్సిన కాగితం మా దగ్గరే ఉండిపోయింది. తీగతో వచ్చిన డేటా షీటు మా ఫైల్లో ఉంది, వర్క్‌షాప్‌కు పంపిన ప్యాకెట్లో లేదు. మైనం అని, తీగ నలిగిందని ఫోన్లో ఆయన్ను అనుమానించినందుకు ఆ మధ్యాహ్నం ఇరానీ చాయ్ తాగుతూ సారీ చెప్పాను. "మంచిగైంది లే సార్, దొరికింది గద" అన్నాడు.

ఇంకో విషయం కూడా ఉంది. పూత శుభ్రంగా గీకినా ఆ అతుకు ఉన్న చోటు మంచిది కాదు. సీసం తగరం సోల్డర్ 4.2 కెల్విన్ దగ్గర తానే సూపర్‌కండక్టర్ అవుతుంది, కానీ అర టెస్లా క్షేత్రం కూడా తట్టుకోలేదు. కాయిల్ అంచు గాడిలో అంతకంటే చాలా ఎక్కువ క్షేత్రం ఉంటుంది. కాబట్టి అక్కడ సోల్డర్ ఎప్పుడూ మామూలు లోహమే, ఎంతో కొంత వేడి తప్పదు. ఆ వేడి తగ్గాలంటే అతుకు పొడవు పెరగాలి, దాన్ని హీలియం నేరుగా తాకాలి.

అతుకుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ రంగంలో ఎవరికైనా 2008 సెప్టెంబర్ 19 గుర్తొస్తుంది. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో మొదటి బీమ్ తిరిగి అప్పటికి తొమ్మిది రోజులు. ఒక సెక్టార్‌లో కరెంట్‌ను 9,300 ఆంపియర్లకు ఎక్కిస్తుండగా 8,700 దగ్గర రెండు మాగ్నెట్ల మధ్య కరెంట్ మోసే బస్‌బార్ అతుకు కాలిపోయింది. ఆర్క్ పుట్టి హీలియం గొట్టాన్ని చీల్చింది. మొత్తం మీద సుమారు 6 టన్నుల హీలియం పోయింది, 53 మాగ్నెట్లను సొరంగం నుంచి పైకి తీసుకురావాల్సి వచ్చింది. మళ్లీ బీమ్ తిరిగింది 2009 నవంబర్‌లో. దర్యాప్తులో ఆ అతుకు రెసిస్టెన్స్ 220 నానో ఓమ్‌లుగా తేలింది. మా అతుకు కంటే పదమూడు రెట్లు మెరుగే, కానీ దాని మీదుగా పోయే కరెంట్ వంద రెట్లకు మించి. మాగ్నెట్లన్నీ ఒక్కొక్కటిగా టెస్ట్ పాసైనవే. ఆ అతుకు మాత్రం సొరంగంలోనే వేసింది, దాన్ని ఏ బెంచి మీదా పెట్టలేదు. పాత రక్షణ వ్యవస్థ బస్‌బార్ మీద 1 వోల్టు వస్తే గానీ మేలుకునేది కాదు, తర్వాత దాన్ని 0.3 మిల్లీవోల్టులకు దించారు. గురువుగారు ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ చివరి అంకె దగ్గర ఒక క్షణం ఆగుతారు.

మళ్లీ చుట్టడం

కాయిల్‌ను పారేసి కొత్తది చుట్టిద్దామని తెప్పించుకున్నవాళ్లు అన్నారు. మైనం నింపిన కాయిల్ కాబట్టి ఆ అవసరం రాలేదు. ఎపాక్సీ అయితే నిజంగానే పారేయాల్సి వచ్చేది. హాట్ ఎయిర్ గన్‌తో కొంచెం కొంచెంగా వెచ్చబెడుతూ పెద్దాయన బయటి ఆరు పొరలు విప్పాడు. పద్నాలుగో పొర చివర రెండు చుట్లు వదులుకున్నాం, అతుక్కి పొడవు కావాలి కాబట్టి. రాణీగంజ్ నుంచి గ్లాస్ ఎపాక్సీ షీట్ తెచ్చి, అంచు బయటి ముఖం మీద వంపుగా కొత్త గాడి చేయించాం. ఈసారి అతుకు 180 మిల్లీమీటర్లు. పూత గీకేటప్పుడు తీగను వేళ్ల మధ్య తిప్పుతూ నాలుగు వైపులా గీకి, భూతద్దంలో చూసి, నాకు చూపించి, అప్పుడు సోల్డర్ పెట్టాడు. పైన ఎపాక్సీ పొయ్యలేదు. గ్లాస్ దారంతో కట్టి వదిలేశాం, హీలియం తాకేలా. అతుక్కి అటొకటి ఇటొకటి కొత్త ట్యాపులు. మొత్తం మూడు రోజుల పని.

రెండో చల్లార్పులో మొదటి క్వెంచ్ 84 దగ్గర, లోపలి సగంలో. రెండోది 92, మూడోది 97, అన్నీ లోపలి సగమే. ఇది మంచి మాగ్నెట్ నడక. 90 ఆంపియర్ల దగ్గర గంటసేపు నిలబెట్టాం. క్షేత్రం కొలిచే హాల్ ప్రోబ్ బోరు మధ్యలో 4.3 టెస్లాకు కాస్త అటూ ఇటూ చూపించింది. 60 ఆంపియర్ల దగ్గర కొత్త అతుకు మీద వోల్టేజ్ 2 మైక్రోవోల్టుల లోపే ఉంది, మా మీటర్ అంకెల ఊగిసలాటలో కలిసిపోయింది. అంటే రెసిస్టెన్స్ 34 నానో ఓమ్‌ల కంటే తక్కువ అని మాత్రం చెప్పగలను.

చేయాల్సింది ఒకటి మిగిలింది. మాగ్నెట్‌ను గది ఉష్ణోగ్రతకు తెచ్చి మూడోసారి చల్లార్చి, ఈసారి క్వెంచ్ లేకుండా నేరుగా 90కి వెళ్తుందో లేదో చూడాలి. నేర్చుకున్నది గుర్తుందా అని చూసే పరీక్ష అది. దానికి ఇంకో డ్యూవార్ (ద్రవ హీలియం పాత్ర) కావాలి. బడ్జెట్ అయిపోయిందని తెప్పించుకున్నవాళ్లు మాగ్నెట్ పట్టుకెళ్లారు. రిపోర్టులో ఆ గడి ఖాళీగా వదిలి, కింద "చేయలేదు" అని రాసి సంతకం పెట్టాను.